నాలుగు మిల్లీమీటర్ల నుంచి ఒకటి దాకా: గ్రాఫ్టు తీసే పని ఎలా మారిందంటే

కర్నూలులో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి వాకబు చేసే కుర్రాళ్లు ముందు అడిగేవి రెండే: గ్రాఫ్టుకు (తల వెనక నుంచి తీసి ముందు నాటే, కుదుళ్లతో ఉన్న చిన్న చర్మపు ముక్కకు) ఎంత? మచ్చ పడుతుందా? హైదరాబాద్ పోవాలా, బెంగళూరు పోవాలా అన్న చర్చ కూడా రేటు దగ్గరే తెగుతుంది. తల వెనక నుంచి ఆ గ్రాఫ్టులు తీసేది ఎవరన్న ప్రశ్న మాత్రం రాదు.

1939లో జపాన్ చర్మవైద్యుడు షోజి ఒకుడా, కాలిన మచ్చల వంటి వాటి మీద జుట్టు మొలిపించడానికి, గుండ్రటి పంచ్‌తో, అంటే చిన్న గొట్టం లాంటి కత్తితో, తీసిన చర్మపు ముక్కలు నాటాడు. అంతలో యుద్ధం వచ్చింది. జపనీస్‌లో ఉన్న ఆయన వ్యాసాలు బయటి డాక్టర్ల కంట చాలాకాలం పడలేదు. 1952లో న్యూయార్క్‌లో చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ ఇదే పని బట్టతలకు చేసి, 1959లో ప్రచురించాడు. వెనక నుంచి తెచ్చిన వెంట్రుక ముందు నాటినా రాలిపోకుండా తన పాత గుణమే నిలుపుకుంటుందని తేల్చింది ఆయనే. నేటికీ ఈ సర్జరీ మొత్తం ఆ ఒక్క సూత్రం మీదే నిలబడింది. అయితే అప్పటి పంచ్ 4 మిల్లీమీటర్లది. నాటిన జుట్టు గుబురు గుబురుగా లేచి, చూడగానే ఇట్టే తెలిసిపోయేది.

తర్వాత వెనక నుంచి పొడవాటి చర్మపు పట్టీ కోసి, గాయానికి కుట్లు వేసి, ఆ పట్టీని బల్ల మీద ముక్కలు చేసే పద్ధతి వచ్చింది. 1988లో టెక్సస్‌లో డాక్టర్ బాబీ లిమ్మర్ ఆ ముక్కలు చేసే పనికి స్టీరియో మైక్రోస్కోప్ వాడాడు. వెంట్రుకలు చర్మంలోంచి ఒకటి నుంచి నాలుగు దాకా ఒక జట్టుగా వస్తాయి. ఆ జట్టు చెదరకుండా విడదీయగలిగాక ఫలితం సహజంగా కనిపించసాగింది. మిగిలిన చిక్కల్లా తల వెనక పొడవాటి గీతలా పడే మచ్చ. తిరుమలలో గుండు కొట్టించుకునే మన వైపు వాళ్లకు దాన్ని దాచుకునే దారే లేదు.

పట్టీ కోయకుండా ఒక్కో జట్టునూ నేరుగా తలలోంచే తీయడం ఎఫ్‌యూఈ (ఫాలిక్యులర్ యూనిట్ ఎక్స్‌ట్రాక్షన్). 2002లో అమెరికా డాక్టర్లు రాస్‌మన్, బెర్న్‌స్టైన్ బృందం 1 మిల్లీమీటరు పంచ్‌తో దీన్ని వివరిస్తూ వ్యాసం రాసింది. అందరి చర్మం దీనికి ఒప్పదని, ముందు కొన్ని గ్రాఫ్టులు తీసి పరీక్షించాలని కూడా అందులోనే చెప్పారు. ప్రకటనల్లో ఆ ముక్క కనిపించదు.

కష్టమంతా కంటికి ఆనని చోట ఉంది. వెంట్రుక చర్మం పైన ఒక వాలులో ఉంటే, లోపల ఇంకో వాలులో ఉంటుంది. పంచ్ తిప్పేవాళ్లు లోపలి వాలును అంచనా వేయాలి. వాలు తప్పితే వెంట్రుక కుదురు మధ్యలో తెగుతుంది. పంచ్ చాలినంత లోతుకు దిగకుండానే ఫోర్సెప్స్‌తో (పట్టకారుతో) లాగితే, అనంతపురం చేలల్లో తడి లేనప్పుడు పీకిన వేరుశనగలా, పైది చేతికొచ్చి అసలు సరుకు లోపలే ఉండిపోతుంది. పదునైన పంచ్ కుదుళ్లను తెగ్గొడుతోందని మొద్దు అంచు పంచ్‌లు తెచ్చారు. వాటితో గ్రాఫ్టు లోపలికి నెట్టుకుపోయే ప్రమాదం ఉంది. మోటారు పంచ్‌లూ వచ్చాయి. 2011లో గ్రాఫ్టులు తీసే ఆర్టస్ అనే రోబోకు అమెరికాలో అనుమతి దొరికింది.

మోటారుతో వేగం పెరిగింది. దాంతోపాటే, డాక్టరు పేరు బోర్డు మీద, పంచ్ టెక్నీషియన్ చేతిలో అనే పరిస్థితి చాలాచోట్ల వచ్చింది. దేశంలో డాక్టర్లకు నియమాలు పెట్టే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో దీనిపై మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది: తగిన శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టరే చేయాలి, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం చాలదు అని.

ఎన్ని తీయాలన్నది మాత్రం తల చూసి డాక్టరు తేల్చాల్సిన సంగతి. 1 మిల్లీమీటరు పంచ్‌తో 2,500 గ్రాఫ్టులు తీస్తే ఆ రంధ్రాల వైశాల్యం మొత్తం కలిపి దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. గీత మచ్చ పడదు, నిజమే. చుక్క మచ్చలు పడతాయి. తీసిన చోట ఆ వెంట్రుకలు మళ్లీ మొలవవు. పాతికేళ్ల కుర్రాడికి ముందువైపు బట్టతల ఇంకా సాగుతూనే ఉంటుంది కాబట్టి, మొదటి సిట్టింగ్‌లోనే వెనకంతా ఊడ్చేస్తే రెండోదానికి తీయడానికి పెద్దగా ఏమీ మిగలదు.