తెల్లవారుజామున తరిమే భయం

మా బాబాయిది మూసాపేట. మందు మానేసిన తొమ్మిదో రోజున ఇద్దరం ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఆయన కప్పు ఎత్తబోతే సాసర్‌కు తగిలి టకటకమంది. రెండు చేతులతో పట్టుకున్నా చాయ్ ఒలికింది. "ఎవరో తరుముతున్నట్టే ఉందిరా. ఒక్క క్వార్టర్ పడితే మనిషినవుతా" అన్నాడు. అది అబద్ధం కాదు. తాగితే ఆ దడ నిజంగానే తగ్గుతుంది. చిక్కంతా అక్కడే.

మన మెదడులో నరాల జోరును అణిచే రసాయనం గాబా, పెంచేది గ్లూటమేట్. మందు గాబాకు బలమిస్తుంది, గ్లూటమేట్‌ను అణుస్తుంది. అందుకే మొదటి పెగ్గుకే గుండెల మీద బరువు దిగినట్టుంటుంది. రోజూ తాగుతుంటే మెదడు దానికి ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది. గాబాకు స్పందన తగ్గించి, గ్లూటమేట్ వైపు బలం పెంచుకుంటుంది. ఉన్నట్టుండి మందు ఆపితే, తాడు లాగే ఆటలో అవతలి జట్టు ఒక్కసారిగా చేతులు వదిలేసినట్టే. చివరి పెగ్గు పడిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, దడ మొదలవుతాయి. కొందరికి 48 గంటలలోపే ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో, లేని మనుషులు కనబడే డెలీరియం ట్రెమెన్స్ కూడా రావచ్చు. అది ప్రాణాంతకం. ఏళ్ల తరబడి బాగా తాగినవారు డాక్టర్ లేకుండా ఇంట్లోనే ఒక్కసారిగా మానేయకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

2020 మార్చిలో లాక్‌డౌన్‌కు వైన్ షాపులు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్లు వరస కట్టారు. మే 6న షాపులు తెరిచేదాకా ఎన్ని ఇళ్లల్లో ఆ నరకం నడిచిందో! "మందు దొరక్క పిచ్చెక్కింది" అని నవ్వినవాళ్లను చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

వణుకు చాలామందికి వారంలో సద్దుమణుగుతుంది గానీ ఆందోళన అంత తొందరగా పోదు. భయాన్ని పసిగట్టే అమిగ్డాలాలో ఒత్తిడి సంకేతాలు ఇంకా ఎక్కువగానే మోగుతుంటాయి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ, కారణం లేని దిగులు. వీళ్లు మళ్లీ గ్లాసు పట్టేది సరదాకు కాదు, ఆ మూడింటి మెలకువకు భయపడి. తాగితే ఆ రాత్రి గడుస్తుంది, దడ మర్నాటికి బాకీ పడుతుంది.

చాలామందికి మూడు నాలుగు వారాల్లో ఈ ఆందోళన దానంతటదే బాగా తగ్గుతుంది. "ఇక జీవితాంతం ఇంతే" అనుకునేవాళ్లకు ఆ లెక్క తెలియడమే సగం ధైర్యం. అప్పటిదాకా ఓపిక పట్టలేక మెడికల్ షాపులో ఆందోళన తగ్గించే అల్ప్రాజోలం మాత్రలు కొనుక్కోవడం మాత్రం వద్దు. అదీ గాబా దారిలోనే పనిచేస్తుంది, అదీ అలవాటవుతుంది. కల్తీ కల్లులో కలిపేది కూడా ఎక్కువగా ఇదే. అది కలిసిన కల్లు ఒక్కసారిగా దొరక్కపోయినా ఇదే వణుకు, ఇవే ఫిట్స్. డాక్టర్ పర్యవేక్షణలో ఇచ్చే ఈ తరహా మాత్రల సంగతి వేరు. వాటిని కొద్దిరోజులే ఇచ్చి, మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు.

కొందరికి ఆందోళన మందు కన్నా ముందునుంచే ఉంటుంది. బాబాయికి నెల దాటాక చేతులు నిలకడకొచ్చాయి, నిద్ర పట్టింది. కానీ పెళ్లిళ్లకు వెళ్లాలంటే మాత్రం గొంతు ఆరిపోతూనే ఉంది. డాక్టర్ అడిగితే అప్పుడు చెప్పాడు: పదో తరగతిలో లేచి పాఠం చదవమంటే చొక్కా తడిసిపోయేదట. ఇరవై రెండేళ్లప్పుడు ఒక బరాత్‌లో మొదటిసారి తాగితేనే నలుగురిలో నోరు పెగిలిందట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు దానికి విడిగా కౌన్సెలింగ్ నడుస్తోంది, ప్రతి గురువారం.