హువా హిన్: పట్టాలు వచ్చాక తీరం ఎవరిదైంది?

థాయ్‌లాండ్‌లోని హువా హిన్‌లో, నరేత్‌దమ్రి వీధి పొడవునా గుంజల మీద సముద్రంలోకి చొచ్చుకెళ్లిన కట్టడాల వివాదం చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటుంది. అధికారుల వాదన సూటిగా ఉంటుంది: సముద్రం, ఆటుపోట్ల నేల ప్రభుత్వానివి, అనుమతి లేనిది తీసేయాల్సిందే. చట్టంలో ఉన్నది అదే.

కానీ ఈ తగవు మొదలైంది నీళ్ల మీద కాదు, నేల మీద. బ్యాంకాక్ నుంచి దక్షిణాదికి వేసిన రైలుమార్గం 1911లో ఇక్కడికి చేరింది. అంతవరకూ ఇది బాన్ సమో రియాంగ్ అనే జాలరిపల్లె. రైలు రాగానే ఇసుకకు ధర వచ్చింది. రాజకుటుంబీకులు, సంపన్నులు తీరం వెంట వేసవి విడుదులు కట్టుకున్నారు. రైల్వే అధిపతి పురచత్ర యువరాజు చొరవతో 1923లో రైల్వే హోటల్ తెరిచారు. పొడవాటి చెక్క వరండాలు, ఏనుగు ఆకారంలో కత్తిరించిన పొదలు నేటికీ ఉన్నాయి. మరుసటి ఏడే స్టేషన్ వెనక గోల్ఫ్ మైదానం వచ్చింది. దాన్ని తీర్చింది రైల్వేలో పనిచేసిన స్కాట్లండ్ ఇంజనీరు రాబిన్స్. 1932 జూన్ 24న బ్యాంకాక్‌లో రాజుల నిరంకుశ పాలనకు ముగింపు పలికిన తిరుగుబాటు జరిగేసరికి ప్రజాధిపోక్ రాజు ఇక్కడి క్లై కంగ్వోన్ ప్రాసాదంలో ఉన్నారన్న కథ అందరికీ తెలిసిందే. ఆ పేరుకు అర్థం ‘చింతలకు దూరంగా’.

మంచి ఒడ్డు ఇలా విడుదులకు, హోటళ్లకు పోతే, చేపల వేటకు వెళ్లేవాళ్లకు మిగిలింది నీటి అంచు. వాళ్లు గుంజలు పాతి పలకలు పరిచి స్క్విడ్ ఆరబెట్టుకున్నారు. ఆ పలకల మీద నిలబడితే కాళ్లకింద సందుల్లోంచి అలలు కనిపిస్తాయి, చెక్కకు పట్టిన ఉప్పు వాసన వస్తుంది. పర్యాటకులు పెరిగాక అవే రేవులు చవక బసలయ్యాయి, సీఫుడ్ హోటళ్లయ్యాయి. ఈ ఊరికి వచ్చేవాళ్లు వెతుక్కునే రుచి ఇక్కడిదే. వీటిలో కొన్ని హద్దు మీరి పెరిగాయన్నదీ, మురుగు నీరు సముద్రంలో కలుస్తుందన్న ఫిర్యాదూ కొట్టిపారేయలేనివి.

నీటి మీద కట్టడానికి అనుమతి కావాలన్న నౌకాయాన చట్టం 1913 నాటిది, రైలు వచ్చిన రెండేళ్లకు చేసింది. దశాబ్దాల పాటు దాని ఊసెత్తినవాళ్లు తక్కువ. 2017లో సైనిక ప్రభుత్వ హయాంలో సవరించి, చదరపు మీటరు లెక్కన జరిమానా పెట్టారు. దేశమంతటా నదీతీర, సముద్రతీర వాసులు గోలపెడితే శిక్షల అమలును కొన్నాళ్లు వాయిదా వేశారు. ఆపేశామని మాత్రం అనలేదు.

మరోవైపు రైల్వే హోటల్‌ను 1980ల్లో ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చి బాగుచేయించారు. 2023 డిసెంబరులో నేలకు ఎత్తున స్తంభాల మీద కట్టిన కొత్త స్టేషన్ తెరిచినప్పుడు పాత చెక్క స్టేషన్‌ను చెక్కు చెదరనివ్వలేదు. దాని పక్కన రాజు వేచి ఉండే ఎరుపు, మీగడ రంగుల చావడి అసలు ఇక్కడిది కాదు, నఖోన్ పథోమ్ రాజప్రాసాదం నుంచి విప్పి తెచ్చి నిలబెట్టినది. ఈ పాత స్టేషన్ నుంచి నరేత్‌దమ్రి రేవులకు నడక దూరమే. ఒకచోట పాత చెక్కను వారసత్వం అంటున్నారు, రెండోచోట ఆక్రమణ అంటున్నారు.