మహిళా లెక్చరర్లు ప్రిన్సిపాల్ కుర్చీ దాకా ఎందుకు రారు?

విజయనగరంలో 1857లో పాఠశాలగా మొదలైన మహారాజా విద్యాసంస్థ 1879లో కళాశాల అయింది. ఉత్తరాంధ్రలో ఉన్నత విద్యకు ఇంత పాత చరిత్ర ఉన్నా, కళాశాలల పాలనలో మహిళల ఊసు చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చిన చోట కూడా ఎక్కువగా మహిళా కళాశాలల ప్రహరీ లోపలే ఉండిపోయింది.

ప్రభుత్వోద్యోగాల్లో మహిళలకు 30 శాతం రిజర్వేషన్ కల్పించిన రాష్ట్ర నిబంధనను సుప్రీంకోర్టు 1995లో సమర్థించింది. తర్వాత అది మూడో వంతుకు పెరిగింది. అయితే అది వర్తించేది ప్రత్యక్ష నియామకాలకే గాని పదోన్నతులకు కాదు. లెక్చరర్‌గా చేరేందుకు చేయూతనిచ్చిన నిబంధన ఆ పై మెట్లను సీనియారిటీకీ, అర్హతలకూ వదిలేసింది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ప్రిన్సిపాల్ పదవికి పీహెచ్‌డీ, 15 ఏళ్ల అనుభవం, కనీసం 10 పరిశోధన పత్రాలు ఉండాలి. కాగితం మీద ఇందులో స్త్రీ పురుష భేదం లేదు. కానీ ఎచ్చెర్లలో 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడేవరకూ ఇక్కడి వారిలో ఎక్కువ మందికి పీహెచ్‌డీ అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయమే దిక్కు. పలాసలో పాఠాలు చెబుతూ, ఇంట్లో చంటిపిల్లనో మంచాన పడిన అత్తగారినో చూసుకునే ఆవిడకు విశాఖలో గైడును కలవడమంటే ఒక సెలవు ఖర్చు. మహిళలకు పీహెచ్‌డీ గడువులో రెండేళ్ల సడలింపు, 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు యూజీసీ నిబంధనల్లోకి 2016లో వచ్చాయి. అప్పటికే ఒక తరం రిటైర్మెంటుకు దగ్గరపడింది.

నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద అడ్డంకి కళాశాలలో పనుల పంపకం. పరీక్షల విభాగం, అకౌంట్లు, భవన నిర్మాణ పనులు మగవారికి వెళ్తాయి. సాంస్కృతిక కమిటీ, విద్యార్థినుల ఫిర్యాదులు, ముఖ్య అతిథికి స్వాగత ఏర్పాట్లు ఆడవారికి వస్తాయి. పదేళ్లు తిరిగేసరికి ఒకరికి ట్రెజరీలో బిల్లు ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది, మరొకరికి సంక్రాంతి ముగ్గుల పోటీకి ఎన్ని కిలోల రంగు కావాలో తెలుస్తుంది. ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్ అవసరమైన రోజున ‘మేడమ్‌గారికి ఆఫీసు పని అలవాటు లేదు కదా’ అంటారు. (ఆ అలవాటు అయ్యే పని ఆవిడకు ఎవరూ అప్పగించలేదన్నది అప్పుడు గుర్తుకు రాదు.)

ఇవన్నీ దాటినా, పదోన్నతి తరచూ బదిలీని వెంటబెట్టుకుని వస్తుంది. భర్త ఉద్యోగం విజయనగరంలో, కూతురు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, ఇచ్ఛాపురం వైపో పాడేరు వైపో వెళ్లలేక పదోన్నతి వద్దని రాసిచ్చే మహిళలు ఉంటారు. ఆ అర్జీలో కారణం రాయాల్సిన చోట ‘వ్యక్తిగతం’ అన్న ఒక్క మాటే ఉంటుంది.