నూనెకు మెత్తటి పైపు పనికిరాదు

విజయనగరం, రాజాం వైపు గానుగల దగ్గర డ్రమ్ములోంచి టిన్నులోకి నూనె దించడానికి గాజులా కనిపించే మెత్తటి పైపు పెడితే, దాన్ని కొన్నాళ్ళ తర్వాత పట్టుకుని చూడండి. కొన్నప్పుడు ఎటు వంచితే అటు వంగిన పైపు బిరుసెక్కి ఉంటుంది. దాన్ని మెత్తగా ఉంచిన పదార్థం నూనెలోకి దిగిపోయింది మరి.

ఇలాంటి పైపు సాధారణంగా పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినది. పీవీసీ స్వతహాగా గట్టిది. దాన్ని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్లు అనే రసాయనాలు కలుపుతారు. మెత్తటి పీవీసీ బరువులో తరచుగా 30 నుంచి 40 శాతం ఇవే. వాటిలో ఎక్కువగా వాడుతూ వచ్చినవి థాలేట్లు అనే రకం, అందులోనూ ముఖ్యంగా డీఈహెచ్‌పీ. ఇవి పీవీసీతో రసాయన బంధం ఏర్పరచుకోవు, గొలుసుల్లా ఉండే దాని అణువుల మధ్య ఇరుక్కుని ఉంటాయంతే. నీళ్ళలో దాదాపు కరగవు, నూనెలో బాగా కరుగుతాయి, వేడికి ఇంకా తొందరగా బయటపడతాయి. పిల్లల పెన్సిల్ బాక్సులో ఎరేజర్ ప్లాస్టిక్ స్కేలుకు అతుక్కుపోయి, పీకితే స్కేలు మీద గుంట పడటం కూడా ఇలాంటిదే. ఎరేజర్‌లోని ప్లాస్టిసైజర్ స్కేలులోకి పాకి దాన్ని మెత్తబరుస్తుంది.

ఒంట్లో చేరిన డీఈహెచ్‌పీ చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. రోజూ కొత్తది చేరుతుండటమే ఇబ్బంది. కడుపులోని మగపిండంలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ తయారీని ఇది తగ్గిస్తుందని ఎలుకల మీద స్పష్టంగా తేలింది. మనుషుల్లోనూ అటువైపు చూపే అధ్యయనాలున్నాయి. అమెరికా 2008లో పిల్లల బొమ్మల్లో దీన్ని 0.1 శాతానికి కట్టడి చేసింది. కాబట్టి గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం.

అలాగని ప్రతి ప్లాస్టిక్‌లోనూ థాలేట్లు ఉంటాయనుకోవద్దు. పాలిథీన్, పాలీప్రొపిలీన్‌లకు ప్లాస్టిసైజర్ అక్కర్లేదు. అనుమానం ఉంటే చిన్న ముక్క కోసి, సబ్బు చుక్క కలిపిన నీళ్ళలో పూర్తిగా ముంచి వదలండి. సబ్బు లేకపోతే గాలి బుడగలు అంటుకుని, మునగాల్సినదీ తేలుతుంది. పాలిథీన్, పాలీప్రొపిలీన్ పైకి తేలతాయి, మెత్తటి పీవీసీ మునుగుతుంది. సిలికాన్ కూడా మునుగుతుంది కాబట్టి ఇది తొలి వడపోత మాత్రమే. కాల్చి చూడొద్దు, పీవీసీ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆమ్ల వాయువు ఉంటుంది.

నూనె దించడానికి స్టీలు కుళాయి, స్టీలు గరాటు చాలు. చాలామంది గమనించనిది సీసా మూత. గాజు సీసాల ఇనుప మూత లోపల ఉండే మెత్తటి రింగు చాలాసార్లు పీవీసీదే. పాత సాస్ సీసాలో ఆవకాయ పెడితే, పైన తేలిన నూనె ఆ రింగుకు తగలకుండా రెండు వేళ్ళ ఖాళీ వదలండి, సీసాను పడుకోబెట్టకండి. ఏడాదికి సరిపడా పెట్టే ఆవకాయకైతే జాడీయే మేలు, మూత మీద గుడ్డతో వాసెన కట్టి.