తాళ్లపాక వలపు పాటలో ప్రాస ఎందుకు కనబడదు?

అన్నమయ్య పదాలకు తాళమే తప్ప ఛందస్సు లేదనుకునేవారు, ఆయన పుట్టిన కడప సీమలోనూ ఉన్నారు. ఈ అపోహకు ఎక్కువ కారణం అచ్చు పద్ధతి. 1922లో ఆయన పాటలు చెక్కిన తిరుమల రాగిరేకులు వెలుగు చూశాక సంకీర్తనలు పుస్తకాలకెక్కాయి. అనంతపురం సీమకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పరిష్కరించి, స్వరపరిచారు. తర్వాత వచ్చిన చిన్న పుస్తకాలు మాత్రం పాడేవారి ఊపిరిని బట్టి పాదాన్ని రెండుగా విరిచాయి. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదిరే అక్షరం, ఉండాల్సిన చోట కొత్త వరుస మొదలైతే, పాదాల రెండో అక్షరాలు కలిసే ప్రాస ఎలా తెలుస్తుంది?

పాదం విరవకుండా ఈ పల్లవి చూడండి:

ఏమొకో చిగురుటధరమున ఎడనెడ కస్తురి నిండెను
భామిని విభునకు వ్రాసిన పత్రిక కాదు కదా

రెండో అక్షరం రెండు పాదాల్లోనూ మకారమే: మొ, మి. అచ్చు మారినా హల్లు నిలిస్తే ప్రాస కుదిరినట్టే. ఇక మాత్రలు, అంటే అక్షరం పలికే కాలపు కొలత: కురచ అక్షరం (లఘువు) ఒక మాత్ర, పొడుగు అక్షరం (గురువు) రెండు. ఏమొకో, చిగురుట, ధరమున, ఎడనెడ, కస్తురి, నిండెను: నాలుగేసి మాత్రల గుంపులు, అంటే గణాలు, ఆరు. కాగితం మీద ‘ఏమొకో’ అయిదు మాత్రలు; పాటలో ‘కో’ కురచవుతుంది. లెక్క తప్పిందని ఇక్కడే చాలామంది ఆగిపోతారు. రెండో పాదం చివరి ‘దా’ను సాగదీస్తే అదీ సరిపోతుంది. నాలుగో గణం మొదట యతి: ఏ–ఎ, భా–ప.

చరణాల్లోనూ ఇదే కొలత. మొదటి చరణం పాదాలు కలికి, చెలువం, నలువున, నిలువున అని మొదలవుతాయి, ప్రాస లకారం.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది పునరుక్తి. పల్లవిలోని ‘ఏమొకో’ ప్రతి చరణం రెండో పాదంలో ‘ఏమో’ అయి మళ్లీ పలుకుతుంది. ఆ పాదం ‘చెలులు’ అనే పిలుపుతో ముగుస్తుంది. నాలుగో పాదం ‘కాదు కదా’తో ఆగుతుంది. పెదవి మీద కస్తూరి ఎందుకు అంటిందో, అది ప్రియుడికి రాసిన ఉత్తరం కాదు కదా అని అడుగుతున్నారు; చెలికత్తెలకు సంగతి తెలుసు, నోరు విప్పి చెప్పరు. ఆ సరసమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

మాట మారిస్తే ఏమవుతుందో మూడో చరణం చెబుతుంది. అక్కడ ప్రాస ‘ద్ద’: ముద్దియ, వొద్దిక, గద్దరి, అద్దిన. ‘ముద్దియ’ చోట ‘ముదిత’ అంటే అర్థం చెడదు. కాని ఒక మాత్ర తగ్గుతుంది, ద్విత్వం (‘ద్ద’లోని జంట హల్లు) పోతుంది, మిగతా మూడు పాదాల్లో గురువున్న చోట లఘువు పడుతుంది.