పాత కారుకు ఇన్సూరెన్స్ ఎంత పెట్టాలె: అపోహలు – వాస్తవాలు

నేను మోటార్ సర్వేయర్‌ని. బండి గుద్దుకున్నంక షెడ్డుకొచ్చి ఫోటోలు తీసి, ఏ పార్టుకు కంపెనీ ఎంత ఇయ్యాలె అని లెక్క రాసేది మేమే. పాలసీ అమ్మేది మాత్రం మేం కాదు, కాబట్టి నువ్వు ఏది తీసుకున్నా నాకు కమీషన్ రాదు. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, అప్పుడప్పుడు జడ్చర్ల దాకా తిరుగుత, ఏపీ 24, ఏపీ 22 నంబర్ ప్లేట్లతోటి ఇంకా మంచిగ నడుస్తున్న స్విఫ్టులు, ఇండికాలు, శాంత్రోలు మస్తు చూస్త. వీటి ఓనర్లందరూ అడిగేది ఒక్కటే, "అన్నా, దీనికి ఇంక ఫుల్ ఎందుకు, థర్డ్ పార్టీ చాలదా?" థర్డ్ పార్టీ అంటే మన బండితోటి ఎదుటోళ్లకు అయిన నష్టానికి, ఫుల్ అంటే దానికి తోడు మన బండి నష్టానికి కూడా. బండి వయసు చూసి దీనికి జవాబు చెప్పేటోళ్లే ఎక్కువ, నేనైతే రెండు సంగతులు అడుగుత: రేపు ఈ బండి లేకుండ పోతే నీ జేబు తట్టుకుంటదా, బండిల ఎవరెవరిని ఎక్కించుకుంటవు.

అపోహ: థర్డ్ పార్టీ అంటే పోలీసోళ్లు ఆపితే చూపెట్టే కాగితం.

చలాన్ సంగతి చిన్నది. ఇన్సూరెన్స్ లేకుండ దొరికితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000 జరిమానా, చట్టంల మూడు నెలల జైలు కూడా రాసి ఉన్నది. అసలు భయపడాల్సింది వేరే. యాసంగి వడ్లు కోసినంక మన రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తరు, చుట్టూ రాళ్లు పెడ్తరు, చీకట్ల బైకోడు అవి తప్పించబోయి నీ కారు కిందికొస్తడు. మనిషి పోతే వాళ్ల ఇంటోళ్లు ట్రిబ్యునల్‌ల, అంటే యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే కోర్టుల కేసు వేస్తరు, వయసు, సంపాదన, ఇంట్ల ఆయన మీద ఆధారపడ్డోళ్లు ఎంతమంది అని చూసి లక్షలల్ల పరిహారం రాస్తరు. థర్డ్ పార్టీ ఉంటే ప్రాణానికి, గాయానికి కంపెనీ కట్టేదానికి పై హద్దు లేదు, ఎదుటోని ఆస్తికైతే 7.5 లక్షల దాకా. అది లేకపోతే మొత్తం ఓనర్ నెత్తి మీదనే, ఆస్తి జప్తు దాకా పోతది. కారు విలువ 80 వేలే కావొచ్చు, అది గుద్దిన మనిషి ప్రాణం విలువ దానితోటి తగ్గదు కదా.

అందుకే ఈ ప్రీమియం బండి పాతదైనా తగ్గదు. 2022 జూన్‌ల పెట్టిన రేటు 1000 సీసీ లోపు కారుకు 2,094, 1500 సీసీ దాకా 3,416, అంతకు మించితే 7,897. మీద 18 శాతం జీఎస్టీ. ఇది కట్టాల్నా వద్దా అనే ముచ్చటే లేదు, మాట్లాడుకోవాల్సింది మిగతా దాని గురించి.

అపోహ: ఫుల్ ఉంటే ఏమైనా మొత్తం కంపెనీనే కడతది.

షెడ్డుల నాతోని లొల్లి అయ్యేది ఎక్కువ ఇక్కడ్నే. 2012 స్విఫ్ట్ ఉన్నదనుకో, నార్కట్‌పల్లి దాటినంక రాత్రిపూట బర్రె అడ్డమొచ్చింది. బంపర్ 4 వేలు, హెడ్‌లైట్ 5 వేలు, బానెట్ 6 వేలు, లేబర్ 5 వేలు, మొత్తం 20 వేల ఎస్టిమేట్. ఓనర్ ఏమనుకుంటడంటే 20 వేలు వస్తయని. నేను రాసేది ఇట్ల ఉంటది: ప్లాస్టిక్, రబ్బర్ పార్టులకు ఎప్పుడైనా సగమే, బంపర్‌కు 2 వేలు, హెడ్‌లైట్‌కు రెండున్నర వేలు. రేకు పార్టులకు బండి వయసును బట్టి కోత, ఐదు నుంచి పదేళ్ల దాకా 40 శాతం, పదేళ్లు దాటితే 50, కాబట్టి బానెట్‌కు 3 వేలు. లేబర్ పూర్తిగ 5 వేలు. కలిపితే పన్నెండున్నర వేలు, అందులకెళ్లి 1500 సీసీ లోపు బండికి కంపల్సరీ డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌ల ఓనరే భరించాల్సిన వాటా, ఒక వెయ్యి తీసేస్తే చేతికొచ్చేది 11,500. పెయింట్ ఉంటే అందుల మెటీరియల్‌కు కూడా సగమే లెక్క. అద్దం ఒక్కదానికే కోత లేదు. ఈ కోతలు లేకుండ ఇచ్చే జీరో డెప్ కవర్ అని ఉంటది గదా అంటరు, అది చాన కంపెనీలు ఐదేళ్లకో ఏడేళ్లకో ఆపేస్తయి, పదేళ్లు దాటిన బండికి ఎవడో ఇస్త అంటే ఎంతకిస్తుండో అడుగు.

కథ ఇంకా అయిపోలే. ఈ స్విఫ్ట్ ఐడీవీ, అంటే పాలసీల రాసిన బండి విలువ, 2 లక్షలు అనుకో. ఫుల్‌ల సొంత బండి నష్టానికి కట్టే భాగం ఓన్ డ్యామేజ్, మేము ఓడీ అంటం, దానికి పాత టారిఫ్ ప్రకారం బీ జోన్‌ల పదేళ్లు దాటిన 1500 సీసీ లోపు బండికి 3.43 శాతం, అంటే 6,860. హైదరాబాద్ ఏ జోన్, మన నల్లగొండ, పాలమూరు బీ జోన్, ఇప్పుడు కంపెనీలు వాళ్ల ఇష్టమున్నట్టు డిస్కౌంట్లు ఇస్తున్నయి గానీ లెక్కకు ఇది పట్టుకుందం. ఐదేళ్లు క్లెయిమ్ చెయ్యకపోతే నో క్లెయిమ్ బోనస్ 50 శాతం, కాబట్టి నువ్వు కట్టేది 3,430, ట్యాక్స్‌తో 4 వేల చిల్లర. ఇప్పుడు ఆ బర్రె క్లెయిమ్ చేసినవ్ అనుకో, బోనస్ సున్నాకు పడిపోయి మళ్ల 20, 25, 35, 45, 50 అని ఎక్కాలె. ఆ ఐదేళ్లు నువ్వు ఎక్కువ కట్టేది ఓడీ ప్రీమియంకు ఒకటింబావు వంతు, ట్యాక్స్ కలిపితే 10 వేల పైనే. ఏటేటా ఐడీవీ తగ్గుతది కాబట్టి కొంచెం తక్కువ కావొచ్చు. 11,500 తీసుకొని 10 వేలు వాపస్ కట్టి, మధ్యల నెల రోజులు షెడ్డు చుట్టు తిరిగిందానికి మిగిలిందేంది? చిన్న డెంట్లు సొంత పైసలతోటి చేయించుకోండి, నా ఫీజు నేనే పోగొట్టుకుంటున్న గానీ ఇది మాత్రం చెప్పాలె.

అపోహ: అట్లయితే పాత బండికి ఓడీ శుద్ధ దండగ.

కాదు. ఓడీ బర్రెకు కాదు, బండి మొత్తం పోయినప్పటికి. దొంగతనం, కాలిపోవుడు, వరద, లారీ కిందికి పోవుడు. రిపేర్ ఖర్చు ఐడీవీల 75 శాతం దాటిందంటే టోటల్ లాస్ కింద రాస్తం, అప్పుడు పార్టుకు ఇంత కోత, బంపర్‌కు సగం అనే లెక్కలేమీ ఉండయి, ఐడీవీ నుంచి డిడక్టబుల్ తీసేసి ఇస్తరు, తుక్కు నువ్వే పెట్టుకుంటే దాని ధర కూడా తీసేస్తరు. అంటే నువ్వు ఏటా 4 వేలు కట్టేది రెండు లక్షల కోసం. రెండు లక్షలు పోతే మళ్ల కారు కొనలేవు, ఆ కారు మీదనే మీ నాయిన డయాలసిస్‌కు పోవుడో, నువ్వు దుకాణం సరుకు తెచ్చుడో ఉన్నదంటే ఓడీ ఉంచుకో. ఇంట్ల రెండో బండి, అమ్మితే 70 వేలు కూడా రాదు, పోతే పోయింది అనుకునేటట్టుంటే తీసేయి.

ఉంచుకునేటోళ్లు వాలంటరీ డిడక్టబుల్ గురించి అడగండి, ఏజెంట్లు వాళ్లంతల వాళ్లు చెప్పరు. మొదటి 5 వేలో ఏడున్నర వేలో నేనే భరిస్త అని రాసిస్తే ఓడీ ప్రీమియం తగ్గిస్తరు. ఎట్లాగూ చిన్న క్లెయిమ్ చెయ్యొద్దు అనుకున్నం కదా, మరి దానికి కంపెనీకి పైసలెందుకు కట్టాలె. థర్డ్ పార్టీకి తోడు నిప్పు, దొంగతనం వరకే కలిపి ఇచ్చే పాలసీ కూడా ఉన్నది, అన్ని కంపెనీలు ఇయ్యవు, అడిగి చూడాలె.

అపోహ: పదేళ్లు దాటితే ఫుల్ ఇయ్యరు.

ఇస్తరు. మధ్యల పాలసీ తెగిపోతే బండి చూసి, ఫోటోలో వీడియోనో తీసుకొని ఇస్తరు. ఆర్‌సీ మాత్రం చెల్లాలె, సొంత కారుకు 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ అయిపోతది, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకోవాలె. అది చెయ్యకుండ క్లెయిమ్‌కు వస్తే కంపెనీకి పేచీ పెట్టే సందు నువ్వే ఇచ్చినట్టు. పదేళ్ల డీజిల్ బండ్లు బంద్ అని వాట్సాప్‌ల తిరిగేది ఢిల్లీ ముచ్చట, మన దగ్గర అట్లాంటి రూల్ లేదు.

అపోహ: ఐడీవీ తక్కువ రాయిస్తే తెలివి.

ఐదేళ్ల దాకా ఐడీవీకి ఒక పట్టిక ఉన్నది, నాలుగు దాటి ఐదేళ్లు నిండేదాకా సగం కోత. ఐదేళ్లు దాటినంక పట్టిక లేదు, నువ్వు, కంపెనీ ఒప్పుకున్నదే ఐడీవీ. ఆన్‌లైన్‌ల ప్రీమియం తక్కువ కనపడాలని అడుగుకు గుంజి పెడ్తరు, మనోళ్లు 600 తగ్గిందని సంబరపడి నొక్కేస్తరు. పై లెక్క ప్రకారమే చూడు, 50 శాతం బోనస్ ఉన్నోనికి 50 వేల ఐడీవీ పెంచితే ట్యాక్స్‌తో కలిపి పడేది వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి మిగిలించుకుంటే టోటల్ లాస్‌ల 50 వేలు పోతయి, పైగా ఐడీవీ తక్కువైతే 75 శాతం గీత కూడా కిందికి వస్తది, బాగు చేసుకొని నడుపుకునే బండిని కూడా టోటల్ రాయాల్సొస్తది. రెన్యువల్ ముందు మీ మోడల్, మీ ఏడాది బండ్లు ఇప్పుడు ఎంతకు పోతున్నయో ఒక ఇద్దరు బ్రోకర్లను అడిగి ఆ లెక్కకు దగ్గర్ల పెట్టించండి. దానికి మించి పెట్టించుడు కూడా దండగే.

అపోహ: థర్డ్ పార్టీల కారుల కూసున్నోళ్లకు కూడా వస్తది.

అందరికంటే ఎక్కువ మునిగేది ఇక్కడ. చెర్వుగట్టుకో కురుమూర్తి జాతరకో పోతుంటే బావమరిది, పక్కింటోళ్లు, వాళ్ల పిల్లలు అందరూ ఎక్కుతరు. ప్యాకేజ్ పాలసీ, అదే మీరు ఫుల్ అనేది, దాంట్ల కారుల కూసున్నోళ్లు కవర్ అయితరు. ఉత్త లయబిలిటీ పాలసీ, అంటే థర్డ్ పార్టీ ఒక్కటే అయితే కారుల ఉచితంగ ఎక్కినోళ్లు మా బాధ్యత కాదని కంపెనీ కోర్టుల కొట్లాడుతది, సుప్రీంకోర్టు దాకా పోయిన ఇట్లాంటి కేసులల్ల కంపెనీలు గెలిచినయి కూడా. అప్పుడు బావమరిది పెండ్లాం పెట్టే కేసుల కట్టాల్సింది నువ్వు. 4 వేలు మిగిలినయని ఓడీ తీసేసేటప్పుడు దాంతోపాటు ఈ కూసున్నోళ్ల కవర్ కూడా పోతుందని ఎవరూ చెప్పరు. తియ్యాల్సిందే అనుకుంటే కనీసం ప్యాసింజర్ల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందా అడిగి కలుపుకోండి, మనిషికి లక్షో రెండు లక్షలో వస్తది, ట్రిబ్యునల్ రాసేదానికి సరిపోదు గానీ ఏమీ లేనిదానికన్న నయం.

ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల కవర్ వేరే ఉంటది. అది ఓనర్‌కే, లైసెన్స్ ఉండాలె, నామినీ పేరు రాయించాలె. ఇంకో బండి మీద ఇదివరకే తీసుకొని ఉంటే మళ్ల కట్టొద్దు, చాన మంది రెండు బండ్లకు రెండుసార్లు కడుతున్నరు.

అపోహ: వరదల మునిగితే ఇంజిన్ కూడా కంపెనీదే.

2024 ఆగస్టు ఆఖర్ల, సెప్టెంబర్ మొదట్ల పడ్డ వానలకు కోదాడల కార్లు కొట్టుకపోయినయి, అందరికీ యాదుంటది. వరద ఓడీ కిందికి వస్తది, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఏం రాదు. కానీ మునిగిన బండిని నీళ్లు తీసినంక స్టార్ట్ అయితదేమో అని తాళం తిప్పితే సిలిండర్లకు నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్ వంగుతది, బ్లాక్ పగులుతది, అది వరద చేసింది కాదు నువ్వు స్టార్ట్ చేసినందుకు అయ్యింది అని కంపెనీ ఇయ్యదు. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ ఉంటేనే వస్తది, అది కూడా పాత బండ్లకు దొరుకుడు కష్టం. షెడ్డుల ఇంజిన్ విప్పినప్పుడు వంగిన రాడ్ చూస్తే మాకు తెలిసిపోతది, స్టార్ట్ చెయ్యలే అని ఎంత చెప్పినా. తాళం ముట్టుకోకుండ బ్యాటరీ వైర్ పీకి, ఫోటోలు తీసి, కంపెనీకి ఫోన్ కొట్టి, టోయింగ్ బండి మీద షెడ్డుకు పంపియ్యి.

అపోహ: సెకండ్ హ్యాండ్‌ల కొన్న, పాత ఓనర్ పాలసీ ఇంకా ఆర్నెల్లు ఉన్నది, నడుస్తది.

థర్డ్ పార్టీ వరకు నడుస్తది. ఓడీ నీ పేరు మీదికి రావాలంటే 14 రోజులల్ల కంపెనీకి రాసుకోవాలె. రాసుకోకపోతే బండి కాలిపోయినా నీకు రూపాయి రాదు, నీ పేరు మీద పాలసీ లేదు, అమ్మినోనికి బండి లేదు, ఇద్దరికీ ఇయ్యరు. అమ్మినోని బోనస్ నీకు రాదు, అది మనిషిది, బండిది కాదు, వాడు సర్టిఫికెట్ తీసుకొని మూడేళ్ల లోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. అమ్మేటోళ్లకు ఇంకో మాట, ఆర్‌సీల పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు గీకి బ్రోకర్ చేతిల పెట్టి మర్చిపోతరు, ఆర్‌సీ మారకముందు ఆ బండి ఎవరినన్న గుద్దితే ట్రిబ్యునల్‌ల ఓనర్ నువ్వే. అమ్మిన నెలకు ఆన్‌లైన్‌ల నంబర్ కొట్టి ఎవరి పేరు చూపెడుతుందో చూసుకోండి.

అపోహ: నాలుగు రోజులు లేటైతే ఏమైతది.

ఆ నాలుగు రోజులు బండికి ఇన్సూరెన్స్ లేదు, అంతే. రెన్యువల్‌కు గ్రేస్ టైం లేదు, 90 రోజులు అనేది బోనస్ కాపాడుకోవడానికే, ఆ లోపు యాక్సిడెంట్ అయితే దానికేం సంబంధం లేదు. ఇంటి ముంగట కొట్టంల పెట్టిన, రోడ్డెక్కదు అనేటోళ్లకు చట్టం ప్రకారం థర్డ్ పార్టీ లేకున్నా తప్పు కాదు, పబ్లిక్ జాగల వాడితేనే అది కావాలె. కానీ దసరాకు పట్నం నుంచి వచ్చిన కొడుకు బ్యాటరీ పెట్టి ఊర్లె ఒక రౌండ్ ఏస్తడు చూడు, తాళాలు వాడి చేతికి ఇచ్చే ముందుగాలనే పాలసీ చేయించు, ఫోన్‌ల పది నిమిషాల పని.