నైట్రో కారు ఇంజన్‌ని వేడి చేయడానికి ఎంత కరెంటు కావాలి?

నైట్రో ఆర్‌సీ కారు అంటే మిథనాల్, నైట్రోమీథేన్ కలిసిన ఇంధనంతో నడిచే చిన్న రిమోట్ కంట్రోల్ కారు. కొత్తదాని ఇంజన్‌ని చల్లగా ఉన్నప్పుడు ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే చక్రం) పట్టుకుని చేత్తో తిప్పి చూడండి. సగం దూరం సాఫీగానే తిరుగుతుంది. పిస్టన్ పైకొచ్చేసరికి బిర్రుగా పట్టేస్తుంది. ఇంకాస్త బలం పెడితే కీచుమని దాటుతుంది. ఇంజన్ పాడైందేమోనని కొన్నవాళ్లకి టెన్షన్. నిజానికి కొత్త ఇంజన్ అలా పట్టెయ్యకపోతేనే అనుమానించాలి.

ఈ ఇంజన్లలో బైకు ఇంజన్‌లో లాగా పిస్టన్‌కి రింగులుండవు. అల్యూమినియం పిస్టన్, దాని చుట్టూ లోపల క్రోమ్ పూత ఉన్న ఇత్తడి స్లీవ్ (గొట్టం), అంతే. ఆ స్లీవ్‌ని పైన కాస్త ఇరుకుగా, కింద కాస్త వదులుగా చేస్తారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు మంట దగ్గరుండే పైభాగం ఎక్కువ వేడెక్కి ఎక్కువ వ్యాకోచిస్తుంది, దాంతో పైనా కిందా ఒకే కొలతకి వస్తాయి. 16 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఇత్తడి గొట్టం 65 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.02 మిల్లీమీటర్లు, అంటే మన వెంట్రుక మందంలో మూడో వంతు కూడా కాదు. ఆ కాస్త సందు రాకముందే స్టార్ట్ చేస్తే, ప్రతి చుట్టులోనూ పిస్టన్‌ని ఆ బిగువులోకి తోసి మళ్లీ కిందికి లాగే భారమంతా చిన్న కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది. అందుకే, ముఖ్యంగా కొత్త ఇంజన్‌ని, హెడ్ (ఇంజన్ పైమూత) దగ్గర 90 డిగ్రీలు వచ్చేదాకా వేడి చేసి అప్పుడు స్టార్ట్ చేయమంటారు.

శ్రీహరికోటలో దీనికి పూర్తిగా ఎదురు పని చేస్తారు. రాకెట్ క్రయోజెనిక్ ఇంజన్‌ని మండించే ముందు బాగా చల్లబరుస్తారు, లేకపోతే మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ పంపులోకి వస్తూనే ఆవిరైపోతుంది. వేడైనా చలవైనా, ఏ ఉష్ణోగ్రత కోసం లోహాన్ని తయారు చేశారో అక్కడికి ముందే తీసుకెళ్లడమే ఉద్దేశం.

నెల్లూరు ఎండలో ఇంజన్‌కి వేరే వేడెందుకని ఎవరైనా నవ్వొచ్చు. రోహిణి కార్తెలో గాలి 42 డిగ్రీలున్నా 90కి ఇంకా 48 కావాలి. జనవరి పొద్దున మార్కాపురం వైపు అయితే 70 పైమాటే. కారుని అరగంట ఎండలో పెడితే మాత్రం లోహం గాలికన్నా బాగా వేడెక్కుతుంది. చేత్తో ముట్టుకోలేనంత కాలిందంటే సగం పని ఉచితంగా అయిపోయినట్టే.

మిగతా వేడి బయట మైదానంలో ఎక్కడి నుంచి తేవాలి? అందరికీ ముందు తట్టేది హెయిర్ డ్రయ్యర్, దానికో ఇన్వర్టర్. లెక్క వేస్తే ఇంతకన్నా దండగ పని కనపడదు. వెయ్యి వాట్ల డ్రయ్యర్‌ని 12 వోల్టుల బ్యాటరీ మీద నడపాలంటే, ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలుపుకుంటే దాదాపు వంద ఆంపియర్లు లాగాలి. కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌కి ఉండే ఫ్యూజు మామూలుగా 10 నుంచి 20 ఆంపియర్లది, వెంటనే పోతుంది. నేరుగా కారు బ్యాటరీకి తగిలిస్తే నడుస్తుంది కానీ, ఇంటికి వెళ్లేటప్పుడు కారు స్టార్ట్ కాకపోతే ఆశ్చర్యపోకూడదు. రొయ్యల చెరువు గట్టు పక్కనే ఆడేవాళ్లు ఏరేటర్ల కోసం పెట్టిన జనరేటర్ నుంచి వైరు లాగుదామంటారు. ఇంత చిన్న ఇంజన్ కోసం అంత డీజిల్ ఇంజన్ మోగించడం నాకైతే నచ్చదు.

అసలు ఇంజన్‌కి ఎంత వేడి కావాలో చూద్దాం. 3.5 సీసీ ఇంజన్ బరువు సుమారు 350 గ్రాములు. ఎక్కువ భాగం అల్యూమినియం, కాస్త ఇత్తడి, కాస్త ఉక్కు. కలిపి చూస్తే గ్రాముకి, డిగ్రీకి సుమారు 0.8 జౌల్స్. 25 నుంచి 90కి, అంటే 65 డిగ్రీలు పెంచడానికి 18 వేల జౌల్స్, అంటే 5 వాట్-అవర్లు. మన జేబులో ఉండే 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలోనే దానికి మూడింతలకు పైగా ఉంటుంది. అదే డ్రయ్యర్ ఐదు నిమిషాలు తిరిగితే 3 లక్షల జౌల్స్ తింటుంది. అందులో ఇంజన్‌కి అవసరమైంది పదహారో వంతు, మిగతాదంతా గాలికి.

అలాగైతే పవర్ బ్యాంక్ చాలు కదా అంటారేమో. చాలదు. సంగతంతా ఇక్కడే ఉంది. మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 10 వాట్లు. ఇంజన్ హెడ్ మీద రెక్కలు పెట్టిందే వేడిని గాలిలోకి వదలడానికి. హెడ్ 90 డిగ్రీలకు చేరేసరికి, గాలి లేకపోయినా 10, 15 వాట్లు దాని నుంచి పోతూనే ఉంటాయి. కొత్తపట్నం బీచ్ పక్కన సాయంత్రం సముద్రపు గాలి తగిలితే ఇంకా ఎక్కువ. ఇంజన్‌ని బిగించిన అల్యూమినియం ఛాసిస్ కూడా కింద నుంచి వేడి లాగేస్తుంది. పోయేదీ వచ్చేదీ సమానమైన చోట ఉష్ణోగ్రత ఆగిపోతుంది, ఎంతసేపు పెట్టినా అంతే. మొత్తం శక్తి సరిపోయినా, ఆ శక్తి వచ్చే వేగం పోయే వేగం కంటే బాగా ఎక్కువుండాలి.

కాబట్టి చేయాల్సినవి రెండు. మొదటిది, ఇంజన్‌ని కప్పడం. హెడ్ చుట్టూ పాత నూలు గుడ్డ రెండు మడతలు చుట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ వేస్తే పోయే వేడి సగానికి పైగా తగ్గుతుంది. ఏ బ్యాటరీ కొన్నా ఇంత లాభం రాదు. రెండోది, హెడ్ మీద టోపీలా కూర్చునే 12 వోల్టుల హీటర్. 60 వాట్లది అయితే 5 ఆంపియర్లు తీసుకుంటుంది, ఆరేడు నిమిషాల్లో పనైపోతుంది. వేడి పైనుంచి వస్తుంది కాబట్టి ముందు స్లీవ్ వ్యాకోచిస్తుంది, పిస్టన్ తర్వాత. మనకి కావలసిన వరస అదే.

ఆ 5 ఆంపియర్లు ఇచ్చే బ్యాటరీ మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉంది. మిరప చేలకి మందు కొట్టే చార్జింగ్ స్ప్రేయర్‌లో 12 వోల్టులు, 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఉంటుంది. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 7 ఏహెచ్ బ్యాటరీ కూడా దాదాపు అంతే. 12 వోల్టులు, 8 ఏహెచ్ అంటే 96 వాట్-అవర్లు. అందులో సగమే వాడుకుందాం, లెడ్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే త్వరగా చస్తుంది. ఒక్కోసారి వృథాతో కలిపి 10 వాట్-అవర్లు పోయినా, నాలుగుసార్లు వేడి చేసుకోవచ్చు. స్ప్రేయర్‌లోంచి తీసిన బ్యాటరీకి మందు అంటుకుని ఉంటుంది, ముందు తుడిచి చేతులు కడుక్కోండి. హీటర్ వైరులో 10 ఆంపియర్ల ఫ్యూజు కూడా పెట్టండి. లిథియం పాలిమర్ బ్యాటరీ ప్యాక్ తేలిక, ఒకే బరువుకి మూడు నాలుగింతల శక్తి. కానీ మే నెలలో మూసిన కారులో దాన్ని వదిలేయడం మంచిది కాదు.

గ్లో ప్లగ్‌కి (ఇంజన్‌లో ఇంధనాన్ని అంటించే ప్లగ్) ఇచ్చే కరెంటు వేరే సంగతి. అది ఒకటిన్నర వోల్టు లోపే, ప్లగ్‌లోని ప్లాటినం తీగని ఎర్రగా చేయడానికి. ఇంజన్ అంటుకున్నాక దాన్ని తీసేయొచ్చు, మిథనాల్ ఆవిరి తగులుతూ ఉంటే ప్లాటినం తనంతట తనే వేడిగా ఉంటుంది.

గ్యాస్ టార్చ్‌తో కాల్చడం మాత్రం వద్దే వద్దు. ఈ ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్. 11 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి అంటుకుంటుంది, మన జిల్లాల్లో ఏ కాలంలో చూసినా అంతకన్నా వేడిగానే ఉంటుంది. పైగా పట్టపగలు దాని మంట దాదాపు కనపడదు, చెయ్యి కాలాకే తెలుస్తుంది. ఎలక్ట్రిక్ హీటర్ వాడినా సరే, ముందు వేడి చేసి, హీటర్ తీసి పక్కన పెట్టి, ఆ తర్వాతే ట్యాంకులో ఇంధనం పోయాలి.

ఆట అయిపోయాక ఇంజన్ వేడి తగ్గకముందే ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ని అడుగుకి దించండి. పైన వదిలేస్తే, స్లీవ్ చల్లబడుతూ దాని చుట్టూ బిగుసుకుపోతుంది. మరుసటి వారం దాన్ని విడిపించడానికే మళ్లీ హీటర్ పెట్టాల్సి వస్తుంది.